అనంతగిరి కొండల్లో మూడు రోజుల గుర్రపు ట్రైల్ రైడ్: తయారీ నుంచి తిరుగు ప్రయాణం దాకా

హైదరాబాద్ రైడింగ్ స్కూళ్లలో ఏడాదో రెండేళ్లో స్వారీ నేర్చుకున్నవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. మైదానంలో తిరగడం వచ్చింది, ట్రాట్‌లో (నడకకూ దౌడుకూ మధ్య వేగంలో) పట్టు దొరికింది, ఇక కొండల్లో రెండు మూడు రోజులు వెళ్లాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటి రోజు ఎవరైనా పూర్తి చేస్తారు. గుర్రం హుషారుగా ఉంటుంది, మనమూ హుషారుగా ఉంటాం. అసలు పరీక్ష రెండో రోజు పొద్దున. జీను దగ్గరకు తెస్తే గుర్రం వీపు దించి తప్పుకుంటోందా? నాలుగు కాళ్లూ సమంగా వేస్తోందా? రాత్రి పెట్టిన గడ్డి తిన్నదా? కింద రాసిందంతా ఆ పొద్దుటి కోసమే. లెక్కలన్నీ 4 గుర్రాలు, నలుగురు రౌతులు, ఒక సైసు (గుర్రాలను చూసుకునే మనిషి), ఒక పికప్ బండికి వేశాం. అంతకంటే పెద్ద గుంపుతో మొదటి రైడ్ పెట్టుకోవద్దు.

## 1. ముందు దారి చూడండి, తేదీ తర్వాత

నగరం నుంచే గుర్రమెక్కి బయలుదేరాలని చాలామందికి ఉంటుంది. వద్దు. తారు రోడ్డు మీద ఐదారు గంటలు నడిస్తే గిట్టలకు, కీళ్లకు దెబ్బ. బండ్ల రద్దీతో గుర్రం అప్పటికే బెదిరి ఉంటుంది. గుర్రాలను లారీలో చేవెళ్ల దాటించి, మన్నెగూడ, వికారాబాద్ వైపు మట్టిబాటలు మొదలయ్యే చోట దించండి. వికారాబాద్ హైదరాబాద్‌కు సుమారు 75 కి.మీ. అక్కడి నుంచి అనంతగిరి కొండల అంచులు, ఆ తర్వాత కోట్‌పల్లి జలాశయం వైపు పల్లె బాటలు మొదటి రైడ్‌కు సరిపోతాయి.

రోజుకు 15 నుంచి 22 కి.మీ. చాలు. చదును నేల మీద గుర్రం నడక గంటకు 6 కి.మీ. ఉన్నా, ఎత్తుపల్లాల్లో ఆగుతూ వెళ్తే సగటు 4 దాటదు. మొదటి రోజు 15, రెండో రోజు 20, మూడో రోజు 15 పెట్టుకోండి. మధ్య రోజును సాగదీసి 35 కి.మీ. చేయాలనే ఆలోచన మానుకోండి.

అనంతగిరిలో చాలా భాగం రిజర్వ్ ఫారెస్ట్. లోపలి బాటల్లోకి గుర్రాలతో వెళ్లాలంటే జిల్లా అటవీ అధికారి దగ్గర రాతపూర్వక అనుమతి ఉండాలి. అది రాకపోతే అడవి బయటి పల్లె బాటలే మీ దారి. అమ్రాబాద్ లాంటి పులుల అభయారణ్యాలను లెక్కలోకే తీసుకోవద్దు.

నెల రోజుల ముందు బైక్ మీద, బైక్ వెళ్లని చోట కాలినడకన దారంతా ఒకసారి చూడాలి. మ్యాప్‌లో కనిపించే బాట పొలం కంచె దగ్గర ఆగిపోవడం ఇక్కడ మామూలే. చూసేటప్పుడు రాసుకోవలసినవి:

- ప్రతి 8–10 కి.మీ.కు గుర్రాలు దిగి తాగగల నీరు: చెరువు, వాగు లేదా బోరు తొట్టి
- పికప్ బండి బాట దగ్గరకు రాగల చోట్లు, 6–8 కి.మీ.కు ఒకటైనా
- గట్టు లేని పాత మోటబావులు, ముళ్ల కంచెలు, ఇనుప జాలీ వేసిన కల్వర్టులు
- పెద్ద చెట్లకు, బండలకు పట్టిన తేనెపట్లు
- ఫోన్ సిగ్నల్ లేని భాగాలు
- రాత్రి బసకు ఒప్పుకున్న రైతు పేరు, ఫోన్ నంబరు

అడవి పందుల కోసం పొలాల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టే అలవాటు కొన్ని చోట్ల ఇంకా ఉంది. అవి చీకట్లో కనిపించవు. సూర్యాస్తమయం తర్వాత గుర్రం మీద ఉండకూడదని మేం పట్టుబట్టేది అందుకే. పగలైనా సరే, అడ్డదారి అని పొలానికి అడ్డంగా పడి పోవద్దు.

కాలం: నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకు. వానాకాలంలో చేవెళ్ల వైపు నల్లరేగడి గిట్టను పట్టేసి లాడాన్ని ఊడబెరుకుతుంది. కొండమీది ఎర్రరాతి నేల వాన తర్వాత తొందరగా ఆరుతుంది కానీ, దిగుడులో గులకరాళ్లు జారతాయి. మార్చి దాటితే నీళ్ల చోట్లు ఎండిపోతాయి, ఎండా ముదురుతుంది.

## 2. గుర్రం ఎంపిక: బరువు కొలవండి

వయసు 6 నుంచి 15 ఏళ్ల మధ్య ఉండాలి. అంతకంటే చిన్న గుర్రానికి ఎముకలు, స్నాయువులు పూర్తిగా గట్టిపడవు.

గుర్రం మోయగలిగేది తన బరువులో 20 శాతం. అందులో రౌతు, జీను, సంచులు అన్నీ కలిసే. కాటా లేకపోతే మెత్తని పొడవాటి టేపుతో కొలవచ్చు. ముందు కాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత తీయండి. భుజం ఎముక ముందు అంచు నుంచి పిరుదు చివర వరకు పొడవు తీయండి. రెండూ సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతో హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది.

ఉదాహరణకు చుట్టుకొలత 165, పొడవు 155 అనుకోండి. లెక్క వేస్తే 355 కిలోలు. అందులో 20 శాతం 71 కిలోలు. జీనుకు 9, సంచులకు 4 తీసేస్తే రౌతుకు మిగిలేది 58 కిలోలే. మన దగ్గర దొరికే చాలా గుర్రాలు ఈ కొలతలోనే ఉంటాయి. 80 కిలోల మనిషికి పెద్ద గుర్రం దొరకకపోతే ఆయన పికప్‌లో రావాలి. ఈ మాట మొహమాటం లేకుండా ముందే చెప్పండి.

ఏ జాతి? మార్వారీ, కఠియావాడీ గుర్రాల గిట్టలు గట్టివి, ఎండను తట్టుకుంటాయి. మలక్‌పేట రేసుకోర్సు లాంటి చోట్ల పరుగు మానేసి వచ్చిన థరోబ్రెడ్లకు చర్మం పలుచన, గిట్టలు సున్నితం. పక్క గుర్రం ముందుకెళ్తే పందెం అనుకుని ఉరుకుతాయి. కనీసం ఆరు నెలలు కొత్త శిక్షణ పొందినదైతేనే తీసుకోండి. బారాత్ (పెళ్లి ఊరేగింపు) గుర్రాలు చప్పుడుకు బెదరవు కానీ, గంటల తరబడి బరువుతో కొండెక్కే కండ వాటికి ఉండదు.

కాగితాలు:

- గ్లాండర్స్ నెగెటివ్ రిపోర్టు. ఇది మనుషులకూ సోకే జబ్బు, పాజిటివ్ వస్తే చట్టం ప్రకారం గుర్రాన్ని చంపాల్సి వస్తుంది. రిపోర్టు లేని గుర్రాన్ని గుంపులో కలపనివ్వద్దు
- ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ అనీమియా (గుర్రాలకు రక్తహీనత తెచ్చే అంటువ్యాధి) పరీక్ష రిపోర్టు
- ధనుర్వాతం టీకా వివరాలు. గుర్రాలకు ఈ జబ్బు చాలా తొందరగా వస్తుంది. రౌతులు, సైసు కూడా టీకా వేయించుకోవాలి
- ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉందని పశువైద్యుడి సర్టిఫికెట్, లారీలో ఎక్కించే ముందు

## 3. ఎనిమిది వారాల తయారీ

స్కూలు గుర్రం మెత్తని ఇసుకలో రోజుకు గంటసేపు తిరుగుతుంది. దాన్ని నేరుగా రాతి కొండ ఎక్కిస్తే గుండె తట్టుకున్నా స్నాయువు తట్టుకోదు. దమ్ము మూడు నాలుగు వారాల్లో పెరుగుతుంది. స్నాయువులు, ఎముకలు గట్టిపడడానికి అంతకు రెండింతల పైనే పడుతుంది. గుర్రం అలసినట్టు కనిపించడం లేదు కదా అని పెంచుకుంటూ పోయినవాళ్లే కుంటి గుర్రంతో తిరిగొస్తారు.

- 1, 2 వారాలు: వారానికి 5 రోజులు, రోజూ గంట నడక, గట్టి మట్టి నేల మీద
- 3, 4 వారాలు: గంటన్నర. అందులో ఐదేసి నిమిషాల చొప్పున మూడు నాలుగు సార్లు ట్రాట్
- 5, 6 వారాలు: ఎత్తుపల్లాలు. ఎక్కేది, దిగేది నడకలోనే
- 7వ వారం: వరుసగా రెండు రోజులు, రోజుకు 15 కి.మీ., పూర్తి సామానుతో
- 8వ వారం: తేలిక నడకలు, రెండు రోజుల విశ్రాంతి

దూరం, వేగం, ఎత్తు. ఒక వారంలో వీటిలో ఒక్కటే పెంచండి.

7వ వారం రైడ్‌ను మానేయకండి. అక్కడ బయటపడే లోపాన్ని సరిచేయడానికి ఇంకా వారం చేతిలో ఉంటుంది. రౌతుకూ అదే పరీక్ష. ట్రాట్‌లో లేస్తూ కూర్చుంటూ 20 నిమిషాలు ఆగకుండా చేయలేని మనిషి మూడో గంటకు జీను మీద బస్తాలా కూలబడతాడు, ఆ బరువంతా గుర్రం నడుం మీద పడుతుంది. “రౌతు కొద్దీ గుర్రం” అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

## 4. లాడాలు, జీను: సగం సమయం వీటికే

లాడాలు. కొత్త లాడాలు బయలుదేరడానికి 7 నుంచి 10 రోజుల ముందు కొట్టించాలి. ముందురోజు కొట్టిస్తే, ఏదైనా మేకు లోపలి మెత్తని భాగానికి దగ్గరగా దిగిందో లేదో తెలిసే వ్యవధి ఉండదు. అది రెండు మూడు రోజులకు కుంటుగా బయటపడుతుంది. నెల దాటిన పాత లాడాలతోనూ వెళ్లవద్దు. నాల్‌బంద్ (లాడాలు కొట్టే మనిషి) చేత ప్రతి గుర్రానికి ముందుకాలి, వెనకకాలి లాడం ఒక్కోటి సిద్ధం చేయించి బండిలో పెట్టుకోండి.

దారిలో లాడం సగం ఊడి వేలాడితే గుర్రాన్ని ఒక్క అడుగు కూడా వేయనివ్వద్దు. తొక్కితే మేకు అరికాల్లోకి దిగుతుంది. తీసే పద్ధతి:

1. కాలు ఎత్తించి, ముందుకాలైతే మీ రెండు మోకాళ్ల మధ్య పట్టుకోండి.
2. గిట్ట బయటి గోడ మీద వంచి ఉన్న మేకు కొనలను ఆకురాయితో అరగదీయండి. ఇది చేయకుండా లాగితే గిట్ట పెచ్చులుగా లేస్తుంది.
3. పటకారును లాడం మడమ వైపు చివర కిందకు దూర్చి, పిడిని గిట్ట లోపలి వైపు, ముందుకు నొక్కండి. బయటికి మాత్రం తిప్పవద్దు.
4. ఒక మడమ కొంచెం లేచాక రెండో మడమ. ఇలా మార్చి మార్చి ముందుకు రండి.
5. మేకులు లెక్కపెట్టండి. లాడంలో ఎన్ని రంధ్రాలకు మేకులున్నాయో అన్నీ చేతికి రావాలి.
6. గిట్ట శుభ్రం చేసి రబ్బరు హూఫ్‌బూట్ (గిట్టకు వేసే బూటు) తొడగండి. అది లేకపోతే గుర్రం ఆ రోజు నడవదు, బండి దగ్గరే ఆగుతుంది.

జీను. మీకు సుఖంగా ఉన్న జీను గుర్రానికి సరిపోవాలని లేదు. నమదా (జీను కింద వేసే మందపాటి గుడ్డ) లేకుండా ఉత్త జీనును వీపు మీద పెట్టి చూడండి. మూపు ఎముకకు, జీను వంపుకు మధ్య రెండు మూడు వేళ్లు పట్టాలి. వెనక నుంచి చూస్తే వెన్నెముక మీదుగా పొడుగునా వెలుతురు కనిపించాలి. జీను పలకలు వెన్నుకు రెండు పక్కలా ఒకే ఒత్తిడితో ఆనాలి. మధ్యలో ఖాళీ ఉండి ముందూ వెనకా మాత్రమే ఆనితే, ఆ నాలుగు చోట్లా పుండు పడుతుంది.

అసలు తీర్పు చెమటది. అరగంట చురుగ్గా స్వారీ చేసి జీను తీయండి. చెమట సమంగా పట్టి ఉంటే మంచిది. చుట్టూ తడిగా ఉండి మధ్యలో అరచేయంత పొడి మచ్చ ఉంటే, అక్కడ ఒత్తిడి ఎక్కువై చెమట గ్రంథులు పనిచేయలేదని అర్థం. ఆ జీనుతో వెళ్లకూడదు. నమదాలు రెండు మూడు వేస్తే సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. బిగుతు జీను కింద మందం పెంచితే ఇంకా బిగుస్తుంది.

జీను వేసే ప్రతిసారీ:

- వీపు, పొట్ట పట్టీ పడే చోటు అరచేత్తో తడమండి. గడ్డిపోచ, పల్లేరు కాయ, ఎండిన మట్టి ఏదీ ఉండకూడదు
- నమదాను కొంచెం ముందుకు పెట్టి, వెంట్రుకల వాలులో వెనక్కి జరపండి
- నమదా మధ్య భాగాన్ని జీను వంపులోకి ఎత్తి పెట్టండి, మూపు మీద బిగుసుకోకూడదు
- పొట్ట పట్టీ మూడు దఫాలుగా బిగించండి. తర్వాత ముందు కాళ్లు ఒక్కోటి ముందుకు చాపితే చర్మం మడతలు పోతాయి
- బయలుదేరిన 15 నిమిషాలకు దిగి మళ్లీ పట్టీ చూడండి

## 5. సామాను

రౌతుకు: గుర్రపు స్వారీ కోసం చేసిన హెల్మెట్ వాడాలి, బైక్ హెల్మెట్ పనికిరాదు. ఒకసారి దానితో కిందపడితే మార్చాల్సిందే. అంగుళం మడమ ఉన్న, అడుగు నున్నగా ఉన్న బూట్లు తీసుకోండి. రికాబు (జీనుకు వేలాడే, కాలు పెట్టే మెట్టు) బూటు కంటే అంగుళం వెడల్పు ఉండాలి, ఇరుకైతే పడ్డప్పుడు కాలు ఇరుక్కుపోతుంది. లోపలి కుట్టు ఉన్న జీన్స్ తొడలను కోసేస్తుంది, కింద సైక్లింగ్ షార్ట్స్ వేసుకోండి. ఫోన్, కత్తి, విజిల్ మీ ఒంటి మీదే ఉండాలి. గుర్రం మిమ్మల్ని వదిలి పారిపోతే జీను సంచిలోని ఫోన్ కూడా దానితోనే పోతుంది.

జీను సంచుల్లో రెండు పక్కలా బరువు సమానంగా ఉండాలి. అరకిలో తేడా కూడా జీనును ఒక పక్కకు లాగుతుంది. మిగతావన్నీ పికప్‌లో:

- హాల్టర్లు (కట్టేయడానికి తలకు తొడిగే పట్టీలు), 3 మీటర్ల కాటన్ తాళ్లు, గుర్రానికి రెండేసి
- గిట్టలు గీకే కొక్కెం, ఖరారా (ఒళ్లు గీకే దువ్వెన), బ్రష్‌లు
- ఆకురాయి, పటకారు, సుత్తి, లాడాలు, మేకులు, హూఫ్‌బూట్ ఒకటి
- థర్మామీటర్, స్టెతస్కోప్, దూది, గాజ్ గుడ్డ, సాగే బ్యాండేజీలు, పొవిడోన్ అయోడిన్, సెలైన్ సీసాలు, పుండు మీద ఈగలు వాలకుండా రాసే మందు
- నొప్పి మందులు: పశువైద్యుడు రాసిచ్చినవే, మోతాదు చీటీతో సహా
- 200 లీటర్ల నీళ్ల డ్రమ్ములు 2, బకెట్లు గుర్రానికి ఒకటి
- 20 మీటర్ల లావు తాడు, చెట్లకు చుట్టే వెడల్పు పట్టీలు

## 6. మేత, నీళ్లు

350–400 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోల మంచి ఎండుగడ్డి, 2 కిలోల దాణా లెక్కపెట్టండి. దాణా మూడు పూటలుగా ఇవ్వండి, ఒక పూటకు కిలో దాటవద్దు. గడ్డి ముందు, దాణా తర్వాత. నాలుగు గుర్రాలకు, ఒక రోజు అదనం కలిపి, సుమారు 100 కిలోల గడ్డి, 32 కిలోల దాణా బండిలో ఉండాలి.

లాయంలో ఏం తింటోందో అదే తీసుకెళ్లండి. బార్లీ, గోధుమ పొట్టు తినే గుర్రానికి బలం వస్తుందని ఉన్నట్టుండి ఉడికించిన ఉలవలు పెడితే ఆ రాత్రే కడుపునొప్పి. మేత మార్చాలంటే 7–10 రోజుల్లో కొంచెం కొంచెంగా కలపాలి.

దాణా అయిపోయిందని ఊళ్లో దొరికే పశువుల దాణా, కోళ్ల దాణా ఎప్పుడూ పెట్టవద్దు. వాటిలో కలిపే మోనెన్సిన్ లాంటి మందులు పశువులకు, కోళ్లకు ఏమీ చేయవు, గుర్రం గుండెను మాత్రం దెబ్బతీసి చంపేస్తాయి. బూజు పట్టిన మొక్కజొన్న అంతే ప్రమాదం, అది మెదడును తినేస్తుంది. దారి పక్కన మేయనిచ్చేటప్పుడు గన్నేరు, ఆముదం, లాంటానా దగ్గరకు పోనివ్వకండి. పొట్టిగా ఎండు పట్టిన లేత జొన్న పైరు పశువులకు విషమని ఏ రైతునడిగినా చెబుతాడు, గుర్రాలకూ అంతే.

నీళ్లు రోజుకు 30–45 లీటర్లు, చెమట పట్టిన రోజు ఇంకా ఎక్కువ. “వేడి మీదున్న గుర్రానికి నీళ్లు పెట్టకూడదు” అన్న పాత మాట వదిలేయండి. దాహంగా ఉన్నప్పుడు తాగనివ్వాలి, తాగాక పది నిమిషాలు నెమ్మదిగా నడిపించాలి. ప్రతి నీళ్ల చోటా ఆగండి. ఒక గుర్రం తాగుతుండగా మిగతావాటిని ముందుకు తీసుకెళ్తే అది తాగడం ఆపేసి వాటి వెంట పోతుంది. అందరూ తాగేదాకా అందరూ ఆగాలి.

ఉప్పు రోజుకు 30 గ్రాములు, చెమట బాగా పట్టిన రోజు 60 దాకా, దాణాలో తడిపి కలపండి. నీళ్లు తాగని గుర్రానికి ఎలక్ట్రోలైట్ పేస్టు నోట్లో పెడితే ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పేగుల్లోకి లాగేసుకుంటుంది. ముందు నీళ్లు, తర్వాతే ఉప్పు.

## 7. రోజు ఎలా నడపాలి

- 5:00 గడ్డి, నీళ్లు, దాణా. వీపు, కాళ్లు తడిమి చూడడం
- 6:15 మాలీషు, గిట్టలు గీకడం, జీను
- 7:00 బయలుదేరడం. మొదటి 15 నిమిషాలు నడకే
- ప్రతి గంటకు దిగి 10 నిమిషాలు విశ్రాంతి, పట్టీ వదులు చేయడం, గిట్టల్లో రాళ్లు చూడడం
- 11:00–2:30 నీడలో మజిలీ. జీను తీసేయాలి
- 2:30–4:45 రెండో విడత. చివరి కిలోమీటరున్నర దిగి పక్కన నడవాలి

మజిలీకి చేరగానే పావుగంట ఆగి గుండె వేగం లెక్కపెట్టండి. గుర్రం ఎడమ మోచేయి (ముందుకాలు పొట్టకు కలిసే చోటు) వెనక స్టెతస్కోప్ పెట్టి, 15 సెకన్ల లెక్కను నాలుగుతో హెచ్చించండి. విశ్రాంతిలో మామూలుగా నిమిషానికి 28–44 ఉంటుంది. పావుగంటకు 60 లోపు దిగితే గుర్రం బాగుంది. అరగంటైనా 64 పైనే ఉంటే దానికి ఆ రోజు అయిపోయినట్టే. మెడ మీద చర్మం వేళ్లతో పట్టి వదిలితే రెండు సెకన్లలో సర్దుకోవాలి. నోట్లో చిగుళ్ల మీద నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. ఉష్ణోగ్రత విశ్రాంతిలో 99–101 ఫారెన్‌హీట్.

వేగం విషయంలో ఒకే మాట. గుంపులో అన్నిటికంటే నెమ్మది గుర్రం నడిచేదే గుంపు వేగం.

## 8. ఎక్కుడు, దిగుడు, వాగు, రోడ్డు

ఎక్కేటప్పుడు నడుం దగ్గర ముందుకు వంగి, పిరుదులు జీను మీద తేలికగా ఉంచి, పగ్గాలు వదులు చేసి, జూలు పట్టుకోండి. పడిపోతామనే భయంతో పగ్గాలు లాగితే గుర్రం తల పైకెత్తి వెనక కాళ్ల మీద తూలుతుంది. ఊపిరి తీసుకోవడానికి ఆపాలంటే చదును చోట ఆపండి.

దిగేటప్పుడు నేల ఎంత వాలుగా ఉన్నా మీ ఒళ్లు చెట్టులా నిటారుగా ఉండాలి. వెనక్కి వాలితే బరువు నడుం మీద పడి వెనక కాళ్లను ముందుకు వేయనివ్వదు. వాలుకు నేరుగా దిగాలి, ఏటవాలుగా దిగితే పక్కకు జారినప్పుడు మీద పడుతుంది. రాళ్లు దొర్లే దిగుడు పొడుగ్గా ఉంటే దిగి నడిపించండి. అప్పుడు గుర్రానికి సరిగ్గా ముందు నడవద్దు, భుజం పక్కన ఉండండి. చదునులో గుర్రానికి గుర్రానికి మధ్య 3 మీటర్లు, వాలులో అంతకు రెండింతలు దూరం ఉంచండి. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్ర గుడ్డ కట్టి చివర ఉంచండి.

వాగు మోకాలి లోతు దాటితే గుర్రం మీద వెళ్లవద్దు. నీళ్లు తాగించేది అంచునే. నడుమ ఆపి నిలబెడితే ముందుకాలితో నీళ్లు చిమ్మడం మొదలుపెడుతుంది. అది పొర్లబోతోందని గుర్తు, వెంటనే ముందుకు నడపండి.

తారు రోడ్డు దాటేటప్పుడు అందరూ అంచున బారుగా నిలబడి, ఒకేసారి దాటాలి. ఒక్కొక్కరుగా దాటితే వెనక మిగిలిన గుర్రం ఒంటరై బండ్ల మధ్యకు ఉరుకుతుంది. కుక్కలు మీద పడితే గుర్రాన్ని వాటి వైపు తిప్పి నిలబెట్టండి, పరుగెత్తించవద్దు. తేనెటీగలైతే దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఆగకుండా దూరంగా పోవాలి. తేనెపట్టు ఉన్న వైపు పొగ, సెంటు రెండూ నిషేధం.

## 9. రాత్రి బస

దిగగానే జీను పీకేయకండి. పట్టీ వదులు చేసి పది నిమిషాలు అలాగే ఉంచండి, నొక్కుకుపోయిన చోటికి రక్తం నెమ్మదిగా తిరిగి వస్తుంది. తర్వాత జీను తీసి, చెమట కడిగి, వెన్నుకు రెండు పక్కలా వేళ్లతో నొక్కుతూ రండి. గుర్రం ఎక్కడ వీపు దించితే అక్కడ గుర్తుపెట్టుకోండి. వాపు ఆ సాయంత్రం కనిపించదు, తెల్లారేసరికి లేస్తుంది. అందుకే పొద్దున మళ్లీ అదే చోట చూడాలి.

కట్టేయడానికి రెండు గట్టి చెట్ల మధ్య గుర్రం తల కంటే ఎత్తుగా, అంటే 2 మీటర్ల పైన, లావు తాడు బిగించండి. చెట్టుకు నేరుగా తాడు కాకుండా వెడల్పు పట్టీ చుట్టండి. ఒక్కో గుర్రానికీ 3–4 మీటర్ల ఎడం ఉండాలి. హాల్టర్ తాడు మూతి నేలకు అందేంత పొడవు చాలు, ఎక్కువైతే కాలు చిక్కుతుంది. ఒక్క లాగుతో ఊడే ముడే వేయాలి. పగ్గాలతో కట్టడం, ముళ్ల కంచెకు కట్టడం, పికప్ బంపర్‌కు కట్టడం, మూడూ కూడని పనులే. సైసులు అలవాటు ప్రకారం అగాడీ, పిఛాడీ తాళ్లు (ముందు వైపు, వెనక కాళ్లకు కట్టేవి) వేస్తామంటే, లాయంలో దానికి అలవాటైన గుర్రానికే వేయనివ్వండి.

రాత్రి రెండుసార్లు లేచి చూడాలి. లద్దె పడిందా, నీళ్లు తగ్గాయా, అంతే.

## 10. ఏదైనా తేడా వస్తే

వీపు మీద వాపు. ఆ రోజు జీను వేయకూడదు. 20 నిమిషాలు చన్నీళ్ల గుడ్డ వేసి, గుర్రాన్ని ఉత్త వీపుతో నడిపించుకు వెళ్లండి, రౌతు పికప్‌లో వస్తాడు. అందుకే బండిలో ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. నమదాకు చిల్లు కోసి స్వారీ కొనసాగించే కిటుకులు పనిచేయవు, చిల్లు అంచులు కొత్త పుండు చేస్తాయి.

కడుపునొప్పి. నేల గీకుతుంది, డొక్క వైపు తిరిగి చూస్తుంది, పడుకుని లేస్తుంది, లద్దె ఆగిపోతుంది. మేత తీసేయండి, గుండె వేగం రాసుకోండి, వెంటనే వైద్యుడికి ఫోన్ చేయండి. పొర్లుతుంటే నెమ్మదిగా నడిపించండి, ప్రశాంతంగా పడుకుంటే వదిలేయండి. నోట్లో నూనె పోయడం పల్లెల్లో మామూలు వైద్యం. అది ఊపిరితిత్తుల్లోకి పోతే కడుపునొప్పి తగ్గినా గుర్రం బతకదు. ఎవరు చెప్పినా పోయనివ్వకండి.

వెనక భాగం బిగుసుకుపోవడం. బయలుదేరిన కాసేపటికే అడుగులు కుదించుకుపోయి, చెమట పట్టి, కాఫీ రంగు మూత్రం వస్తే కండరాలు దెబ్బతింటున్నట్టు. నడిపించవద్దు. ఉన్నచోటే ఆపి, నీళ్లిచ్చి, వైద్యుడిని పిలిపించండి. విశ్రాంతి రోజున కూడా పూర్తి దాణా పెట్టి మర్నాడు గట్టిగా పని చేయించడం దీనికి ముఖ్య కారణం. పని లేని రోజు దాణా సగానికి తగ్గించాలి.

వడదెబ్బ. ఒళ్లంతా నీళ్లు పోస్తూనే ఉండండి, ఒక్కసారి పోసి ఆపితే చాలదు. తడి గుడ్డ కప్పకూడదు, అది వేడిని లోపలే ఆపుతుంది.

ఉన్నట్టుండి కుంటు. ముందు గిట్ట చూడండి. చాలాసార్లు రాయి ఇరుక్కుని ఉంటుంది. రాయి తీశాక కూడా కుంటితే దిగిపోండి. స్నాయువు వేడిగా, ఉబ్బుగా ఉంటే చన్నీళ్లు, బండి, ఇంటికి.

పశువైద్యానికి తెలంగాణలో సంచార వైద్య వాహనం నంబరు 1962, మనుషులకు 108. రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి హైదరాబాద్ వైపు ఉంది. గుర్రాలు తెలిసిన వైద్యుడితో బయలుదేరే ముందే మాట్లాడి, మీ తేదీలు చెప్పి ఉంచండి.

## 11. తిరిగి వచ్చాక

చివరి రోజు స్వారీ ముగిసిన వెంటనే లారీ ఎక్కించకండి. రెండు గంటలు ఆరనిచ్చి, నీళ్లు తాగించాకే ఎక్కించండి. లారీలో తల మరీ పైకి కట్టేయకూడదు, దించి తుమ్మగలగాలి. తల దించలేని గుర్రానికి ఊపిరితిత్తుల్లో కఫం చేరి జ్వరం వస్తుంది. ఇంటికి చేరాక మూడు రోజులు పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టండి. 101.5 దాటితే, మేత మానితే వైద్యుడికి చూపించాలి.

మొదటి రోజు పూర్తి విశ్రాంతి, సగం దాణా. రెండో రోజు అరగంట చేత్తో నడిపించడం. జోరీగలు కుట్టిన గుర్రానికి తర్వాతి వారాల్లో ఆగి ఆగి జ్వరం, కాళ్లవాపు, నీరసం కనిపిస్తే సర్రా (జోరీగల ద్వారా సోకే రక్తపు జబ్బు) పరీక్ష చేయించండి. నమదాలు ఉతికి, జీను తోలును సబ్బుతో తుడిచి, కుట్లు లాగి చూడండి. వారం తర్వాత నాల్‌బంద్‌ను పిలిచి నాలుగు గిట్టలూ చూపించాకే మళ్లీ జీను వేయండి.